నా పొయ్యి మీద మీ పాలు

బెల్లు మీంచి వేలు తియ్యండి ముందు! ఒకసారి కొడితే వినపడదా? మా బెల్లు కోయిల కూత కూస్తుంది. వరసపెట్టి కొడితే గొంతు పోయి కాకి అయిపోద్ది. పోయిన దసరాకి మీలాంటివాళ్ళే కొట్టి కొట్టి దాని గొంతు తీశారు. ఉగాది దాకా మూగదై కూర్చుంది పాపం.

అయ్యో, మాలా? భవానీ మాలలో ఉన్నారా? హమ్మయ్య, బతికిపోయారు. మాలలో ఉన్నవాళ్ళని ఒక్క మాట అనకూడదు. నాలుక చివర దాకా వచ్చింది, మింగేశా. దాంతో నాకు కడుపునొప్పి వస్తే మీదే పూచీ.

ఏంటీ? మూడో అంతస్తు, రెండో నంబరు ఫ్లాటా? ఆఁ, ఇదే. బుక్ చేశారా? ఏం బుక్ చేశారు? ఇల్లా? ఎవరిల్లు?

నా ఇల్లా! నేను ఇంట్లో బతికుండగానే నా ఇల్లు బుక్ అయిపోయిందా! ఇంకా నయం, ఇంట్లో ఉన్న మనిషితో సహా అని రాయలేదు. రాశాడా? చూడండి ఒకసారి, రాసినా రాసుంటాడు.

ఆ ఫోను ఇటు తిప్పండి. చదవడం నాకు రాదు. మూడో తరగతిలో పంతులుగారిని నేనే ప్రశ్నలడిగేదాన్ని. ఆయన తట్టుకోలేక అవనిగడ్డకి బదిలీ చేయించుకున్నాడు. అక్కడితో ఆగింది నా చదువు. బొమ్మలైతే మటుకు కళ్ళజోడు లేకుండా చూస్తా.

ఇదిగో, ఇది మా హాలు. ఇది మా వంటిల్లు. అదిగదిగో, నా ఆవకాయ జాడీ! మూతికి కట్టిన గుడ్డ కూడా నాదే, మా ఆయన పాత పంచె ముక్క. మరి ఇదేంటి, బాల్కనీలో తీగ మీద... ఛీ ఛీ ఛీ! నా నైటీ! ఊరూరా జనం నా నైటీ చూసుకుని గదులు బుక్ చేస్తున్నారన్నమాట! ఎన్ని చుక్కలిచ్చారండీ దానికి? నాలుగున్నరా? ఆ అర చుక్క ఎక్కడ పోయింది? చిరుగు కనపడిందా ఏంటి కొంపదీసి?

ఫోటోలు తీసింది మా ఓనరు. హర్షవర్ధన్ అని, గొల్లపూడిలో ఉంటాడు. ఎండాకాలం వచ్చాడు. "ఆంటీ, ఇన్సూరెన్సు వాళ్ళకి ఫోటోలు కావాలి" అన్నాడు. నేనేమో పిచ్చిమొహాన్ని, జాడీ తుడిచి మరీ ముందుకి జరిపా. నిమ్మకాయ పిండి మజ్జిగ కూడా ఇచ్చా. ఆ మజ్జిగ తాగుతూనే నా వంటిల్లు బజార్లో పెట్టాడు, చూశారా?

ఏంటి, లోపల ఆ శబ్దమా? గర్రు... గర్రు... అంటోంది, అదా?

మా ఆయన. గురక పెడుతున్నాడు.

హనుమయ్య ఆయన పేరు. పేరు ఊరికే పెట్టలేదు. ఉయ్యూరులో చెరుకు లారీ ఒకటి గుంటలో దిగబడితే, జనం తాళ్ళు కట్టి లాగి లాగి అలిసిపోతే, మా ఆయన ఒక్క భుజం ఆనించాడు. లారీ లేచి రోడ్డు మీద కూర్చుంది. లోపల నిద్దరోతున్న డ్రైవరుకి మెలకువ కూడా రాలేదు! అంత మెత్తగా లేపాడు. అలాంటి మనిషిని మీరు నిద్ర లేపితే ఏమవుద్దో ఆలోచించుకోండి. నేనైతే మెట్లు దిగేదాన్ని.

దిగరా? సరే, నిలబడండి. కాళ్ళు మీవి.

అయినా నాకు తెలీకడుగుతా, మాల వేసుకున్నవాళ్ళు నేల మీద చాప పరుచుకుని పడుకోవాలి కదా? చన్నీళ్ళ స్నానం చెయ్యాలి కదా? మరి మీకు ఏసీ గదీ, గీజరూ ఎందుకు? అమ్మవారు అడగదా, ఏరా భవానీ, చల్లగా పడుకున్నావా అని?

అమ్మగారి కోసమా? ఎవరూ... ఆ మెట్ల మీద కూర్చున్నావిడా? మీ అమ్మగారా? నేను ఇందాకటి నుంచీ ఎవరో మూట పెట్టారనుకుంటున్నా. మోకాళ్ళ నొప్పులా? ఏ ఊరు మీది? పార్వతీపురమా! అంత దూరం నుంచి మోకాళ్ళు పట్టుకుని వచ్చిందా ఆవిడ! లిఫ్టు పన్చెయ్యడంలేదని రాశాడా మీ ఫోనులో? రాయలేదా? మరి ఏం రాశాడు? "ఇంటి వాతావరణం" అనా? ఆఁ, వాతావరణమే. ఉరుములు ఇప్పుడే వింటున్నారుగా.

కాదండీ, మీ మంచికే చెప్తున్నా. ఈ ఫ్లాటు మీలాంటివాళ్ళు ఉండేది కాదు. నీళ్ళు ఎలా వస్తాయనుకున్నారు? పంపు తిప్పితే ముందు దగ్గుద్ది. తర్వాత తుమ్ముద్ది. తుమ్మినప్పుడు ఎన్ని చుక్కలు పడితే అన్నే. ఈ పండగ రోజుల్లో ట్యాంకరు కూడా సందులోకి రాదు. నేను లోటాడు నీళ్ళతో స్నానం చేసి, అందులోనే జాకెట్టు ఉతుక్కుని, మిగిలినవి తులసి చెట్టుకి పోస్తున్నా.

కోతులా? అయ్యో, కోతుల సంగతి చెప్పలేదా! కొండ మీంచి దిగుతాయి. ఫ్రిజ్జు తీస్తాయి, కావలసింది తింటాయి, మళ్ళీ తలుపేసి పోతాయి. అందులో ఒకటుంది, గది లోంచి పోతూ పోతూ లైటు కూడా ఆపుద్ది. ఈ అపార్ట్‌మెంటులో మనుషులకి లేని బుద్ధి.

మొన్న వానలకి కొండ మీంచి ఒక బండరాయి దొర్లింది. దొర్లి దొర్లి మా గేటు లోకి వచ్చింది. లిఫ్టు లేదు కదా, ఏం చేస్తుంది, మెట్లెక్కే వచ్చింది మూడో అంతస్తుకి. వచ్చి బెల్లు కొట్టింది. ఒక్కసారే కొట్టింది సుమండీ! మర్యాద తెలిసిన రాయి.

నవ్వుతున్నారా? ఆవిడ నవ్వింది, మీరు నవ్వలేదు. మీరు నవ్వరు. బుక్ చేసుకున్నవాళ్ళకి నవ్వు రాదు.

సరే, వేళాకోళం పక్కన పెడదాం. తాళం నేనివ్వను. ఆ మాట హర్షవర్ధన్‌కి చెప్పా, మీకూ చెప్తున్నా. నిన్న ఫోనులో ఏమన్నాడో తెలుసా ఆ పెద్దమనిషి? "ఆంటీ, గెస్టులు వెనక్కి పోయారంటే, పండగ అయిన మర్నాడే మీరు ఖాళీ చేస్తారు. ఇల్లు మొత్తం రోజు బాడుగకి తిప్పుకుంటా" అన్నాడు. నేను నెలంతా ఇచ్చే అద్దె ఇప్పుడు మీరు ఒక్క రాత్రికి ఇస్తున్నారట కదా. మరి నాతో వాడికేం పని!

అంటే తలుపు తీస్తే పండగ అయ్యేదాకా రోడ్డు మీద. తియ్యకపోతే జన్మంతా రోడ్డు మీద. నేనేమన్నానో చెప్పనా? తలుపూ తియ్యను, ఇల్లూ వదలను అన్నా. ఏం చేస్తావో చేసుకో అన్నా. ఫోను అటు వైపు చెమటలు పట్టిన చప్పుడు వినపడింది నాకు.

మీకు తెలీదు భవానీ గారూ, ఇదంతా ఒక్కరోజులో రాలేదు. మొదటి ఏడు ఒక్క గది అడిగాడు. "మా చుట్టాలు ఆంటీ, అమ్మవారి దర్శనానికి వస్తున్నారు" అన్నాడు. పోన్లే అనుకున్నా. ఆ చుట్టాలు తమిళం మాట్లాడారు! మరుసటేడు హాలు కూడా అడిగాడు. ఆ చుట్టాలు మరాఠీ! వీడికి దేశమంతా చుట్టాలే, ఒక్క ఈ సందులోవాళ్ళు తప్ప. పోయినేడు ఏకంగా, "మీరు ఉయ్యూరు మీ అన్నయ్యగారింటికి వెళ్ళి రండాంటీ, మీకూ మార్పుగా ఉంటుంది" అన్నాడు. వెళ్ళాం. మా వదిన మొహంలో మార్పు నాకు రెండో రోజే కనపడింది.

తిరిగొచ్చేటప్పుడు రథం సెంటర్ దగ్గర తాళ్ళు కట్టి ఆపేశారు నన్ను. నా సందులోకి నన్ను పోనివ్వరు! ఆధారు చూపించమన్నారు. నా ఆధారులో చల్లపల్లి అడ్రసుంది, మా పుట్టిల్లు. "ఇక్కడ ఉండేవాళ్ళకే అమ్మా" అన్నాడు ఆ కుర్ర పోలీసు. నేను ఇక్కడే ఉంటా నాయనా అంటే వినడు. నా వెనక నుంచి ఎవరో ఇదిగో ఇలాగే ఫోనులో బుకింగు చూపించి, సూటుకేసు లాక్కుంటూ నా ముందే నా సందులోకి పోయారు. నేను సామాను మీద కూర్చుని చూస్తున్నా. వాళ్ళు వెళ్ళింది నా ఇంటి వైపు!

అన్వరీ వచ్చి విడిపించింది నన్ను. పక్క సందులో టిఫిను బండి పెడుతుంది. "సార్, ఈమె పిండి ఇస్తేనే నాకు దోసె, మీకు టిఫిను" అంది. అప్పుడు వదిలాడు. చూశారా, ఆధారు కంటే నా పిండికే విలువ!

చెప్పలేదు కదూ? దోసెల పిండి రుబ్బి అమ్ముతా నేను. ఈ సందంతా నా పిండే. ఏమనుకున్నారు మరి! నా పిండి పులిస్తే డబ్బా ఆగదు. ఒకసారి మూత ఎగిరి కిటికీ లోంచి వెళ్ళి కొండ మీద కోతికి తగిలింది. అది మూత పట్టుకొచ్చి ఇచ్చింది, ఇంకో గరిటెడు పిండి పెట్టమని. పోయినేడు ఆ పది రోజులూ పిండి లేక అన్వరీ బండి మూత పడింది. అడిగాడా హర్షవర్ధన్, ఆమెకి మార్పుగా ఉందా అని?

వినండి, కొండ మీద మైకు. మళ్ళీ ఎవరో తప్పిపోయారు. పచ్చ చీర కట్టుకున్న సీతమ్మ గారంట... ఏంటండీ, అలా చూస్తారు? మీ అమ్మగారి పేరు కూడా సీతమ్మేనా? పచ్చ చీరేనా! మరి ఈవిడ ఇక్కడే ఉందిగా! ఓహో, క్యూలో తప్పిపోయిందని మీరే చెప్పి, దొరికాక మళ్ళీ చెప్పలేదా! బాగుంది. వాళ్ళు అక్కడ గొంతు చించుకుంటున్నారు, ఆవిడ ఇక్కడ నా మెట్ల మీద కూర్చుని తన పేరు తనే వింటోంది. ఫోను చేసి చెప్పండి ముందు. రేపు మూలా నక్షత్రం, ఇసకేస్తే రాలనంత జనం. వాళ్ళకి వేరే పనుంటుంది.

చెప్పారా? సరే. ఇంక బయల్దేరండి. కింద కనకలక్ష్మి గారని ఉన్నారు, వాళ్ళ పోర్టికోలో కూర్చోనిస్తారు కాసేపు. ఆ సంచి మర్చిపోకండి...

ఆగండాగండి. ఆ సంచిలో ఏంటది? తెల్లగా?

పాల ప్యాకెట్టా?

పాలు తెచ్చావా! నా గుమ్మంలోకి పాలు తెస్తావా! వెనక్కి! గడప దిగు! భవానీ లేదు గివానీ లేదు, నీకు మర్యాద లేదిక! అమ్మవారు నన్నే శపించనీ, ఆవిడకి నేను చెప్పుకుంటాలే! ఎవరు నేర్పారు నీకు? హర్షవర్ధన్ చెప్పాడా, పాలు పట్టుకెళ్ళమని? ఎంత తెలివి! నాతో మాట్లాడేదేముంది, పాలు పంపిస్తే అవే చూసుకుంటాయనుకున్నాడా!

ఏంటీ, తెలీనట్టు మొహం పెడతావ్? పాలు ఎందుకు తెస్తారు ఇంటికి? మొదటిసారి ఇంట్లో అడుగుపెట్టినప్పుడు పాలు ఎందుకు తెస్తారు?

పొంగించడానికి!

పార్వతీపురంలో పొంగించరా? పొంగిస్తారు కదా! కొత్తింట్లో చేరినప్పుడు ముందు పొయ్యి మీద పాలు పెట్టి పొంగిస్తాం. ఆ పాలు ఎవరివో ఇల్లు వాళ్ళది. కాగితాలు తర్వాత. ఈ ఇంట్లో మేం చేరినప్పుడు నేను పొంగించా. చల్లపల్లి నుంచి మా అమ్మ పంపిన గేదె పాలు. ఎలా పొంగాయనుకున్నావ్! సరిగ్గా తూర్పుకి పొంగాయి. గీత గీసినట్టు. గట్టు దిగి, వంటిల్లు దాటి, హాల్లో మా ఆయన పాదాలు కడిగాయి. చూడ్డానికి అపార్ట్‌మెంటంతా వచ్చారు.

అలాంటి పొయ్యి మీద పోయిన దసరాకి ఏం చేశారో తెలుసా? రాయచూరు నుంచి వచ్చారట. మంచివాళ్ళేనట. కనకలక్ష్మి గారు చెప్పారు. కొత్త చోటు కదా, శుభమని, వంటింట్లోకి వెళ్ళగానే పాలు పొంగించారట! గట్టుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, చక్కగా, శాస్త్రంగా! రెండు రోజులు దిగిన చోట ఎవరైనా పొంగిస్తారా? హోటల్లో గది తీసుకుంటే పొంగిస్తారా? వాళ్ళ తప్పు కూడా కాదు. ఇల్లులా ఉందనుకున్నారు. ఇల్లే మరి! నాది!

నేనొచ్చేసరికి బర్నరు చుట్టూ మాడిన పాల చారలు. బూడిద పెట్టి తోమా. చింతపండు పెట్టి తోమా. నల్లగా ఉన్న చార పోయింది గానీ, వాసన పోలేదు. ఇప్పటికీ పొయ్యి వెలిగిస్తే వస్తది.

ఆ రోజు నుంచీ ఈ ఇల్లు నన్ను పరాయిదాన్ని చూసినట్టు చూస్తోంది. నవ్వకు. పంపు అప్పుడే పాడైంది. వీధి తలుపు ఉబ్బి, నేను తోస్తే తెరుచుకోదు, వేరేవాళ్ళు తోస్తే తెరుచుకుంటుంది. ఫ్యాను నా నెత్తిన గాలి వేయడం మానేసింది. ఆ తర్వాత అద్దె పెంచాడు. ఆ తర్వాత ఫోటోలు. ఇప్పుడు నువ్వు. అన్నీ ఆ పాల దగ్గర మొదలయ్యాయి.

అందుకే ఈసారి కదల్లేదు. పాడ్యమి నాడు పొద్దున్నే నేను పొంగించా. విదియ నాడు పొంగించా. రోజూ పొంగిస్తున్నా. ఇల్లు మర్చిపోకుండా. ఈ ఇంట్లో ఉండేది నేనూ అని దాని మొహాన చెప్తున్నా. ఇవాళొక్కరోజే... ఇవాళ పాలాయన్ని తాళ్ళ దగ్గర ఆపేశారు. పాలు రాలేదు. సరిగ్గా ఇవాళ నువ్వొచ్చావు పాలు పట్టుకుని!

ఏమ్మా? మీరేదో అంటున్నారు, ఇంత సన్నగా మాట్లాడితే ఎలా వినపడద్ది?

పొంగించడానికి కాదా? తాగడానికా? మీకా?

తొమ్మిది రోజులూ పాలేనా! అన్నం లేదా? పళ్ళు కూడా వద్దా? ఎందుకమ్మా ఈ వయసులో అంతంత మొక్కులు! అమ్మవారు అడిగిందా మిమ్మల్ని? పొద్దుట తాగారా మరి? తాగలేదా? నిన్న రాత్రి రైల్లోనా?

భవానీ, ఏం కొడుకువయ్యా నువ్వు! ఇందాకటి నుంచి నా బండరాయి కథ వింటూ నిలబడ్డావు గానీ, మా అమ్మ ఏమీ తాగలేదు అని ఒక్క మాట చెప్పలేవూ? నేను చెప్పనివ్వలేదా? నేను చెప్పనివ్వకపోతే నువ్వు అరవాలి. బెల్లు కొట్టడం వచ్చిందిగా!

రండమ్మా. మీరొక్కరే రండి. చెయ్యి పట్టుకోండి. ఇదిగో, ఈ కుర్చీలో. నువ్వు కాదు! నువ్వు గడప అవతలే. ఆ ప్యాకెట్టు ఇలా ఇవ్వు.

ఒక్క సంగతి ముందే చెప్తున్నానమ్మా. కాచిస్తా, కానీ పొంగించను. గోరువెచ్చగా చేసి దించేస్తా. దగ్గరే నిలబడతా, కన్ను తిప్పను. నేను ఎన్ని పాలు కాచానో నా జీవితంలో, ఒక్క చుక్క నా ఇష్టం లేకుండా గిన్నె దాటలేదు. పాలు నన్ను చూస్తే భయపడతాయి. అంచు దాకా వచ్చి నా మొహం చూసి వెనక్కి తగ్గుతాయి.

ఇదిగో వెలిగించా. వాసనొస్తోందా? అదే, రాయచూరు వాసన.

అయ్యో, కరెంటు పోయింది. పర్లేదు, గ్యాసుకి కరెంటుతో పనేముంది. కాస్త ఉక్కగా ఉంటది, ఇదిగో విసనకర్ర.

ఏంటమ్మా?

ఆయన గురక కూడా ఆగిపోయిందా?

...ఆఁ. ఆగిపోయింది. ఆయనకి కరెంటు పోతే మెలకువొస్తది. లేదు, అంటే... ఉక్కపోతకి.

ఎందుకమ్మా అలా చూస్తారు? నవ్వుతున్నారా? కొడుక్కి తెలీలేదు, మీకు తెలిసిపోయిందే! ఇంట్లో గ్రైండరుందా మీకు కూడా?

గ్రైండరేనమ్మా. మూడు రాళ్ళ గ్రైండరు. మినప్పప్పు పడేసి వచ్చా. అది తిరుగుతుంటే మా ఆయన గురకలాగే ఉంటది. మనిషి లేనప్పుడు అదే ఆయన.

ఉన్నాడమ్మా, లేకేం! నిక్షేపంలా ఉన్నాడు. ఇబ్రహీంపట్నంలో మా ఆడపడుచు ఇంట్లో. పండగకి ముందు హర్షవర్ధన్ ఫోను చేశాడో లేదో, మంచం, బీరువా ఆటో మాట్లాడుకుని ఎక్కించేశాడు. "ఎందుకే రత్తమ్మా గొడవ? వాళ్ళ ఇల్లు, వాళ్ళిష్టం. పండగ పది రోజులేగా" అన్నాడు. పది రోజులకి బీరువా ఎందుకయ్యా అన్నా. బీరువాకి తాడు బిగిస్తూ కూర్చున్నాడు. అప్పుడర్థమైంది నాకు. పది రోజులు కాదు. హర్షవర్ధన్ దగ్గర ఈయన ఎప్పుడో ఒప్పేసుకున్నాడు. నాకు చెప్పడానికి ధైర్యం లేక పండగ పేరు చెప్తున్నాడు.

లారీ లేపిన మనిషి! ఏం లారీ! గ్యాసు బండ రెండో అంతస్తు దాకా మోసి కూర్చుంటాడు, మూడోది నేను మోస్తా. అందరితో నేనే చెప్పుకుంటా లారీ కథ. చెప్పగా చెప్పగా ఆయనే నమ్మాడు. ఒకసారి ఎవరికో భుజం చూపిస్తుంటే విన్నా.

అదిగో, ఆ గది తలుపు తోసి చూడు భవానీ. చూడు, పర్లేదు, గడప దాటు, ఒక్క అడుగు. ఏముంది లోపల? గోడకి మేకు. మంచం కోళ్ళ గుర్తులు నాలుగు. అంతే. ఏసీ గది కావాలన్నావుగా. రాత్రి నేను ఆ ఖాళీలో చాప వేసుకుని పడుకుంటున్నా. మీ మాల వాళ్ళలాగే. నాకు మొక్కేం లేదు. కటిక నేల మీద పడుకుని గోడతో అన్నా, నన్ను పంపవు కదా అని. గోడలు ఏం చెప్తాయి! వాటికి వేసిన సున్నం కూడా నాది కాదు. ఆయనేమో రోజూ ఫోను చేసి తాళం ఇచ్చావా అని అడుగుతాడు. అన్నం తిన్నావా అని అడగడు. నేను మా అన్నయ్య ఇంటికి పోతే వదిన మొహం, ఆడపడుచు ఇంటికి పోతే ఈయన మొహం. ఏదో ఒక మొహం చూడాలిగా. అందుకని ఇక్కడే...

ఏంటా వాసన?

అమ్మో! పాలు! పాలు!

కట్టెయ్యి, ఆ నాబు తిప్పు! నువ్వు కాదు, నేను... ఒద్దు, ముట్టుకోకు, కాలుద్ది!

...అయిపోయింది. ఇంకేం కట్టేది!

చూశారా! జీవితంలో ఒక్క చుక్క గిన్నె దాటలేదన్నానా? ఎలా పొంగాయో చూడండి! గట్టంతా పారింది. మీ పాలు, నా పొయ్యి, నా చేత్తోనే. నా నోటితోనే అనండి. నోరు మూసుకుని గిన్నె దగ్గర నిలబడితే సరిపోయేదానికి!

ఏంటమ్మా? శుభమా? తూర్పుకి పొంగాయా?

అవును. తూర్పుకే. గీత గీసినట్టు. నాకు కనపడుతూనే ఉంది.

నావి దక్షిణానికి పొంగాయమ్మా. చేరిన రోజున. హాలు దాకా పోవడం కాదు, గిన్నె పక్కన ఇంత మడుగు కట్టాయి, అంతే. ఎవరూ రాలేదు చూడ్డానికి. మా ఆయన గబగబా గుడ్డ తెచ్చి తుడిచి, "తూర్పే, తూర్పే, నీకు దిక్కులు తెలీవు" అన్నాడు. నాకు దిక్కులు తెలీకపోవడమేంటి! రోజూ పొద్దు పొడిచే కిటికీ ముందు పిండి రుబ్బేదాన్ని. అయినా అప్పుడాయన మాట నమ్మాలనిపించింది.

శుభమేలెండి. ఎవరికి శుభమో ఇప్పుడు తెలిసింది.

ఇదిగో, గిన్నెలో సగం మిగిలాయి. తాగండమ్మా, నెమ్మదిగా, మూతి కాలుద్ది. పంచదార వెయ్యొచ్చా? వద్దా? సరే.

ఏం చూస్తున్నావ్ భవానీ, ఇంకా గడపలో నిలబడి? లోపలికి రా. సూటుకేసు కూడా తెచ్చుకో. రండి రండి, మీరు, మీరే అంటాలెండి మళ్ళీ. మాలలో ఉన్నారు. హర్షవర్ధన్‌కి ఫోను చేసి చెప్పుకోండి, ఇల్లు దొరికిందని. ఎలా దొరికిందో చెప్పకండి. వాడికి అర్థం కాదు, వాడింట్లో పాలు మిషను కాస్తది.

గుడ్డ ఆ గట్టు పక్క మేకుకుంది. నేను తుడవను. పోయినేడు తోమింది చాలు. ఎవరి పాలో వాళ్ళే తుడుచుకోండి.

నేనెక్కడికీ పోనులెండి. ఈ వంటింట్లో గ్రైండరు పక్కన నా చాప పడద్ది. పప్పు నానేశాను, రుబ్బాలి, పొద్దున అన్వరీ వస్తది. మీకు అడ్డం రాను. నా నైటీకి ఇచ్చిన చుక్కల్లో నన్నూ కలిపేసుకోండి.

ఒక్కటే మాట. కరెంటు రాగానే అది మళ్ళీ గర్రుమంటది. ఆపకండి దాన్ని. మెట్ల మీద ఇంకెవరైనా బుక్ చేసుకుని వచ్చి నిలబడితే, మా ఆయన పడుకున్నాడని చెప్పండి. లారీ సంగతి కూడా చెప్పండి. కాస్త గట్టిగా చెప్పండి.